పాత కారుకు ఏ పెట్రోలు, ఏ ఆయిలు?

అంబాసిడర్ ఉన్నవాళ్లూ, పాత ఫియట్ ఉన్నవాళ్లూ ఎక్కడ కలిసినా ఇప్పుడు స్పేర్ పార్టుల కంటే ముందు పెట్రోలు సంగతే వస్తోంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైంది. 2025 నాటికి దాదాపు దేశమంతటా మామూలు పెట్రోలు అంటే అదే అయింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలని కోరిన పిటిషన్‌ను ఆ ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరోపక్క, యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకునే నిబంధనలు 2021లో వచ్చాయి. ఆ లెక్కన 1975 అంబాసిడర్ కూడా ఇప్పుడు వింటేజే. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో అది తయారైన రోజుల్లో దాని ట్యాంకులోకి ఇంత ఇథనాల్ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఈ విషయంలో షెడ్డుల్లో రెండు వాదనలు వినిపిస్తాయి. బండి పుట్టినప్పుడు ఏం తాగిందో ఇప్పుడూ అదే పోయాలి, ఖర్చెంతైనా ఇథనాల్ లేని పెట్రోలు వెతకాలి, ఆయిలు కూడా పాతకాలపు చిక్కటిదే వాడాలి అన్నది ఒకటి. బంకులో ఏది దొరికితే అదే పోసుకుందాం, దానికి తగ్గట్టు బండిలో మార్చాల్సినవి మారుద్దాం అన్నది రెండోది. రెండు వైపులా చేతికి నల్లమరకలు అంటిన మంచి మెకానిక్‌లే ఉన్నారు కాబట్టి ఏ మాటనూ తేలిగ్గా తీసిపారేయలేం.

మొదటి వాదన భయాలకు ఆధారం ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌తో సహా పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. పాత ట్యాంకు ఉక్కు రేకుది, తుప్పు అక్కడే మొదలవుతుంది. మామూలు రబ్బరు పైపులు ఉబ్బి పగుళ్లు తీస్తాయి. మెకానికల్ పంపులోని డయాఫ్రమ్, కార్క్ గాస్కెట్లు, కొన్ని బండ్లలో లక్క పూసిన కార్క్ ఫ్లోట్ ఇథనాల్‌కు తట్టుకునేవి కావు. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న జిగురును కూడా అది కరిగిస్తుంది. అందుకే ఈ20 మొదలుపెట్టిన కొత్తలో ఫిల్టర్లు తరచూ మూసుకుపోతాయి.

ఇంకో ఇబ్బంది మిశ్రమంలో ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ కావాలి. కొత్త కార్లలో సెన్సర్ దాన్ని పసిగట్టి సరిచేస్తుంది. సోలెక్స్ కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్టులో రంధ్రం ఎంత ఉంటే అంతే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది. ఈ10కు సర్దుబాటు చేసిన పాత నాలుగు చక్రాల వాహనాల్లో ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది.

ఇవన్నీ నిజమే. కానీ రెండో వాదనలో ఉన్న బలం నన్ను ఎక్కువగా ఒప్పించింది. పైన చెప్పిన నష్టాల్లో చాలావాటికి మందు ఉంది, అది ఖరీదైనదీ కాదు. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోరబ్బరు పైపులు, కొత్త డయాఫ్రమ్, సైజు పెంచిన మెయిన్ జెట్టు, ట్యాంకు తర్వాత ఒక ఫిల్టరు: మంచి మెకానిక్‌కు ఇది ఒకట్రెండు రోజుల పని. పాత బండిలో ముప్పై ఏళ్ల నాటి రబ్బరు పైపు ఏ పెట్రోలుతోనైనా ప్రమాదమే. వేడి మ్యానిఫోల్డ్ పక్కన అది కారితే బండి అంటుకుంటుంది. ఇథనాల్ భయంతోనైనా వాటిని మార్చుకుంటే మంచిదే. బ్రెజిల్‌లో వోక్స్‌వ్యాగన్ బీటిళ్లు దశాబ్దాలుగా ఇరవై శాతం పైబడిన ఇథనాల్ మిశ్రమంతోనే తిరుగుతున్నాయి. అక్కడి కార్బురేటర్లను ఆ ఇంధనానికి తగ్గట్టే సిద్ధం చేశారన్నది కూడా చెప్పాలి. మనం చేయవలసింది కూడా అదే.

అయితే ఒక చోట మొదటి వాదనకే నేను తలొగ్గుతాను. అది నిలబడి ఉండే బండి విషయం. వారానికోసారి ఊరు చుట్టి వచ్చే బండిలో పెట్రోలు పాతబడదు, నీరు చేరేంత వ్యవధి ఉండదు. ఏడాదికి రెండు మూడు సార్లు ర్యాలీకో పెళ్లికో బయటికి తీసే బండి సంగతి వేరు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండిలో ఈ20 ఉంచడం తెలిసి తెలిసి తుప్పును పిలవడమే. అలాంటి బండికి ఇథనాల్ లేనిదిగా వింటేజ్ కార్లవాళ్లలో పేరున్న ఎక్స్‌పీ100 లాంటి ఇంధనం పోయడంలో అర్థముంది. ధర లీటరుకు మామూలు పెట్రోలు కంటే బాగా ఎక్కువ, కానీ పోసేదే కొద్ది లీటర్లు. ట్యాంకు నిండుగా ఉంచి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి నిలబెడితే ఇంకా మేలు.

ఎక్స్‌పీ100ను శక్తి కోసం కొంటే మాత్రం డబ్బు వృథా. అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ ఇంజన్ కంప్రెషన్ తక్కువది, ఒకప్పుడు 87, 93 ఆక్టేన్ పెట్రోలుతో హాయిగా నడిచింది. ఇప్పటి ఈ20 ఆక్టేన్ 95. ఆ ఇంజన్‌కు అదే ఎక్కువ. వంద ఆక్టేన్ పెట్రోలుతో దానికి అదనంగా ఒరిగేదేమీ లేదు.

ఏ పెట్రోలులో ఎంత ఇథనాల్ ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 20 మిల్లీలీటర్ల నీళ్లు, 80 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత పెట్టి ఊపి, కాసేపు ఆగాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 36 దాకా పెరిగిందంటే అది ఈ20. 20 దగ్గరే ఆగితే ఇథనాల్ లేనట్టు. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

బ్రిటన్ 2021లో మామూలు పెట్రోలును ఈ10కు మార్చినప్పుడు పాత కార్ల కోసం సూపర్ గ్రేడును ఈ5గానే ఉంచింది. మన దగ్గర కూడా తక్కువ ఇథనాల్ గ్రేడు ఒకటి అందుబాటు ధరలో ఉంచడం న్యాయం. పాత బండి అంటే రాజుల గ్యారేజీలో రోల్స్‌రాయిసే కానక్కర్లేదు, తండ్రి వదిలిపోయిన పద్మిని కారును అమ్మలేక నడుపుకునే రిటైర్డ్ మేష్టారు కూడా ఉంటారు.

సీసం గొడవ పాతది, దాన్ని త్వరగా తేల్చవచ్చు. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. సీసం వాల్వు సీట్ల మీద పొరలా పేరుకుని వాటిని అరగకుండా కాపాడేది. అంబాసిడర్ సిలిండర్ హెడ్డు పోత ఇనుముది, సీట్లను అందులోనే కోశారు కనుక దానికి అరుగుదల భయం ఉంది. ఫియట్ 1100, పద్మినిలది అల్యూమినియం హెడ్డు, సీటు రింగులు విడిగా బిగించినవి. అందుకని వాటికి భయం తక్కువ. సీసానికి బదులు సీసాల్లో అమ్మే మందులు కొనేముందు ట్యాపెట్ క్లియరెన్స్ చూడండి. సరిచేసిన ప్రతిసారీ అది మళ్లీ మళ్లీ తగ్గిపోతుంటే సీటు అరుగుతున్నట్టు. అప్పుడు గట్టి లోహపు సీట్లు వేయించడమే పద్ధతి. నెమ్మదిగా నడిచే బండిలో అది తగ్గకపోతే ఏ మందూ అక్కర్లేదు.

ఆయిలు దగ్గరకు వస్తే నా మొగ్గు పాతవైపే, కొద్ది సవరణతో. పెట్రోలు కోసం బండిని మార్చుకోవచ్చు గానీ, బేరింగుల సందులను పలచటి ఆయిలుకు తగ్గట్టు మార్చలేం. ఎండాకాలం నలభై డిగ్రీల్లో సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడు ప్రెజర్ ముల్లు పడిపోకుండా పట్టేది 20డబ్ల్యు-50. బీఎంసీ ఇంజన్ వెనక క్రాంక్ దగ్గర రబ్బరు సీలు లేదు, ఆయిలును వెనక్కి తోసే మరచుట్టు గాడి ఒక్కటే ఉంది. అందులోంచి 5డబ్ల్యు-30 సులభంగా కారిపోతుంది.

జింకు, ఫాస్ఫరస్ విషయంలో కూడా పాతవాళ్ల ఆందోళన సబబే. చదును ట్యాపెట్లు క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య కాపుగా నిలిచేది ఆయిలులోని ఆ జింకు-ఫాస్ఫరస్ రసాయనమే. అది క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుందని కొత్త ఆయిళ్లలో ఫాస్ఫరస్‌ను 800 పీపీఎంకు మించనీయడం లేదు. కానీ ఆ హద్దు పలచటి గ్రేడులకే, 20డబ్ల్యు-50కి వర్తించదు. మోటార్‌సైకిళ్ల జాసో ఎంఏ ఆయిళ్లలో 800 నుంచి 1200 దాకా ఉంటుంది కాబట్టి బుల్లెట్‌కు వాడే 20డబ్ల్యు-50 పాత కారుకూ పనికొస్తుంది. విడిగా జింకు డబ్బా కొని పోయడం అనవసరం, మోతాదు మించితే అదే అరుగుదలకు దారితీస్తుంది.

సింథటిక్‌ను సమర్థించేవాళ్ల మాటలోనూ నిజముంది. వేడికి అది త్వరగా చెడదు, స్టార్ట్ చేసిన వెంటనే పైకి చేరుతుంది. సింథటిక్ సీళ్లను తినేస్తుందన్నది కాలం చెల్లిన భయం. ఇంజన్ కొత్తగా కట్టించి ఉంటే 20డబ్ల్యు-50 గ్రేడులోనే సింథటిక్ వాడుకోవచ్చు. సంప్ విప్పి చూడని పాత ఇంజన్‌లో మాత్రం మడ్డి ఎంత ఉందో తెలియకుండా డిటర్జెంటు ఎక్కువగా ఉన్న ఆయిలు పోయకూడదు. మడ్డి ఊడి స్ట్రైనర్‌కు అడ్డం పడితే బేరింగులు పోతాయి. ముందు సంప్ కడిగించాలి.

ఈ20 వాడే బండికి ఆయిలు విషయంలో ఒక జాగ్రత్త అదనం. చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే మండని ఇథనాల్, తేమ రెండూ ఆయిలులోకి దిగుతాయి. కాబట్టి కిలోమీటర్లు ఎన్ని తిరిగాయన్నది పక్కనపెట్టి ఏడాదికోసారి ఆయిలు, ఫిల్టరు మార్చాలి. బండి బయటికి తీసినప్పుడల్లా అరగంటైనా ఆపకుండా నడపాలి.