యజమాని నిరాకరణ తీర్పు కాదు

యంత్రమున చేయి నలిగిన కార్మికుడు పరిహారము కోరగా యజమాని ఇయ్యనని జాబు వ్రాసినచో, అదియే తీర్పని తలచి పెక్కుమంది మిన్నకుండుట మేమెరుగుదుము. అది ప్రతిపక్షి మాటయే గాని న్యాయాధికారి మాట కాదు. 1923 నాటి నష్టపరిహార చట్టము 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనను ఈ మూలసూత్రము మారలేదు. ప్రమాదము జరిగిన రెండేండ్లలోపల ప్రభుత్వము నియమించిన అధికారి యెదుట అర్జీ దాఖలు చేయవలెను. మిల్లు గుమ్మమున బ్రతిమాలుటతోనే ఆ గడువు గడచిపోవుచున్నది. యజమానుల కిది తెలియదనుకొందుమా?

వాడు కంట్రాక్టరు మనిషి యనుట వారికి వాడుకయైన సాకు. తన వ్యాపారపు పనిని కంట్రాక్టరుచే చేయించుకొన్న అసలు యజమానియే పరిహారమిచ్చి, పిదప వానివద్ద రాబట్టుకొనవలెను. హక్కు వదలుకొంటినని వ్రేలిముద్ర వేయించుకొన్న కాగితము చెల్లదు. త్రాగియుండెనను వాదము మరణమునందును, శాశ్వత సంపూర్ణ వైకల్యమునందును పనికిరాదు. (ఇ.ఎస్.ఐ. బీమాగల కార్మికుల త్రోవ వేరు.)

అధికారియు త్రోసిపుచ్చినచో 60 దినములలో హైకోర్టుకు అప్పీలు కలదు. అయితే అచ్చట గణనీయమైన న్యాయప్రశ్న యుండవలెను. సాక్ష్యమును మరల తూచుట సామాన్యముగా జరుగదు. కావున ఆస్పత్రి కాగితములు, హాజరుపట్టీ నకలు, చూచినవారి పేర్లు మొదటి అర్జీనాడే సిద్ధముగా నుండవలెను. పట్టణములలోని ప్లీడరు మిత్రులు వారమున కొక సాయంకాలము పఠనమందిరములలో కూర్చుండి ఈ అర్జీలను ఉచితముగా వ్రాసిపెట్టవలెనని కోరుచున్నాము.