రంగశాలా చరిత్ర: ఒక విస్మృత పరిశోధనాంశం

ప్రాచ్య కళాశాలల్లో నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయ బోధనకు లోటు లేదు. వికృష్ట, చతురస్ర, త్ర్యస్ర భేదాలను, 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు గల మధ్యమ మండప ప్రమాణాన్ని విద్యార్థులు కంఠస్థం చేస్తూనే ఉన్నారు. ఆ కొలతలు చేతబట్టుకొని ఒక రంగశాలను పరిశీలించిన తెలుగు వ్యాసాలు మాత్రం అరుదు. ఆంధ్ర నాటక చరిత్ర నేటికీ కర్తల, కృతుల, నటుల చరిత్రగానే సాగుతున్నది.

ఈ లోపం ఎంతటిదో గ్రహించడానికి చెన్నపురిలోని విక్టోరియా పబ్లిక్ హాలు ఒక్కటి చాలు. 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర ప్రభువు ఆనందగజపతి. ఆయన కాలంలోనే, 1892లో, విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శితమైన సంగతి అందరూ ఎరిగినదే. ఈ శంకుస్థాపన ప్రసక్తి మాత్రం ఉత్తరాంధ్ర నాటక చర్చల్లో వినరాదు. చిషోం రూపకల్పన చేయగా నంబెరుమాళ్ శెట్టి నిర్మించిన ఈ ఎర్ర ఇటుకల భవనంలో రెండు అంతస్తులు, రెండు విశాల శాలలు, ఒక కొయ్య గ్యాలరీ ఉన్నాయి. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యుల బళ్లారి సమాజం ఇక్కడ తెలుగు నాటకాలాడింది. వాటిని చూచి ప్రేరితుడైన పమ్మళ్ సంబంధ ముదలియార్ ఆ యేడే సుగుణవిలాస సభను నెలకొల్పాడు.

భరతుడు చెప్పిన ద్విభూమిని ఈ రెండంతస్తులతో ముడిపెట్టాలన్న ఉత్సాహం కలుగవచ్చు. అది తగదు, ఆ పదార్థంపై అభినవగుప్తుడే పలు మతాలను పేర్కొన్నాడు. అసలు ప్రశ్న వేరు. మండపం అతివిశాలమైతే పాఠ్యం విస్పష్టంగా వినబడదని, ముఖభావాలు కానరావని భరతుడు హెచ్చరించాడు. ధ్వనివర్ధకాలు లేని ఆ దినాల్లో దీర్ఘరాగంతో కూడిన పద్యపఠనాన్ని నటుడు కోరుకున్నాడా, లేక శాలయే కోరిందా? గ్రంథాలయంలో కూర్చుండి దీనికి సమాధానం చెప్పజాలము.

ప్రేక్షాగృహం ఇటుకల కట్టడమే కానక్కరలేదు. కవిటి మొదలైన ఉద్దానం గ్రామాల్లో వీథి నాటకానికి వేసే కొబ్బరాకు పందిరి కూడ ప్రేక్షాగృహమే. దానికి రంగపీఠమున్నది, నేపథ్యమున్నది, ప్రేక్షకుల హద్దున్నది. శాస్త్రంలో స్తంభ స్థాపనకు అంత విధి ఉండగా, ఇక్కడి రాటల మధ్య దూరమెంతో వ్రాసి ఉంచినవారెవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఈ తోటలు విస్తారంగా కూలిపోయినవి. పందిరి వేయడమెరిగిన వృద్ధులు ఉండగానే, ఆ ప్రాంతపు విద్యార్థులు సిద్ధాంత వ్యాసాలకు పూర్వం రాటల సంఖ్య, రంగం ఎత్తు, దీపాల స్థానం, చిట్టచివరి ప్రేక్షకునికి మాట వినబడే దూరం కొలిచి నమోదు చేయవలసి ఉన్నది.