పరదేశుల సమాధుల చెంత

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్‌ఆన్ మానవులకు పదేపదే ప్రబోధిస్తుంది. అందుకు సుదూర దేశాలకే వెళ్లనక్కరలేదు. పెబ్బేరు నుంచి ఉదయమే 44వ జాతీయ రహదారి పట్టుకుంటే మధ్యాహ్నంలోగా హైదరాబాదు చేరుకోవచ్చు. నగరానికి వెళ్లిన మన కుటుంబాలు చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ కోట చూసి తిరిగివస్తాయి. పాతబస్తీలోని ఉప్పుగూడలో ఆర్మేనియన్ క్రైస్తవుల ప్రాచీన ఖననస్థలం ఉన్నదని చాలామందికి తెలియదు. ఈమారు మేము పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్లాము.

అక్కడి సమాధులలో పదిహేడవ శతాబ్దం నాటివి ఉన్నాయి. రాతిపలకలపై చెక్కిన ఆర్మేనియన్ లిపి మనకు చదవరాదు. అయినా అవి ఎవరి ఆనవాళ్లో చరిత్ర చెబుతుంది. 1604-05 ప్రాంతంలో ఇరాన్ పాలకుడు షా అబ్బాస్, అరాస్ నదీతీరంలోని జుల్ఫా పట్టణం నుంచి ఆర్మేనియన్లను తరలించి ఇస్ఫహాన్ చెంత స్థిరపరిచాడు. వారు అక్కడ నిర్మించుకున్న ‘న్యూ జుల్ఫా’ నుంచి పట్టు, రత్నాల వర్తకులు దేశదేశాలకు బయలుదేరారు. మచిలీపట్నం రేవు, గోల్కొండ వజ్రాల అంగళ్లు వారిని ఆకర్షించాయి. మన పెబ్బేరు చేరువగా పారే కృష్ణానదే దిగువన కొల్లూరు గనుల పక్కగా సాగుతుంది. ఆ వజ్రాల ఖ్యాతే వారిని ఇంతదూరం రప్పించింది. కుతుబ్ షాహీల రాజ్యంలో క్రైస్తవులైన ఈ పరదేశులకు వ్యాపారానికి అంగడీ దొరికింది, మరణించాక ఆరడుగుల నేలా దొరికింది.

“ఇక్కడ మనం దుఆ చేయవచ్చా?” అని పిల్లలు అడిగారు. ముస్లిముల సమాధుల వద్ద చెప్పే సలాం, చేసే మగ్ఫిరత్ దుఆ వేరు. కాని మరణాన్ని తలచుకోవడానికి, మృతుల పట్ల మర్యాద పాటించడానికి మతభేదం అడ్డు కాదు. ఒక యూదుని శవయాత్ర సాగిపోతుండగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) లేచి నిలబడ్డారు. అతడు యూదుడని అనుచరులు గుర్తుచేయగా, అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో ప్రశ్నించారు. అనంతర కాలంలో ఖాదిసియాలో సహ్ల్ బిన్ హునైఫ్, ఖైస్ బిన్ సఅద్ (రజి) ఇదే ఆదర్శాన్ని పాటించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

ఈ సంగతి మన పాలమూరు ప్రాంతానికి మరింత వర్తిస్తుంది. ఇక్కడి నుంచి బతుకుదెరువు కోసం ముంబై, పుణె నగరాలకు వెళ్లినవారెందరో! గల్ఫ్ దేశాలకు వెళ్లి, అక్కడే కన్నుమూసి, అక్కడి మట్టిలోనే కలిసిపోయినవారూ ఉన్నారు. ఆ సమాధుల వద్దకు వెళ్లే స్తోమత వారి తల్లులకు, భార్యలకు ఉండదు. ఎవరో అపరిచితుడు ఆ నేలను తొక్కకుండా, చెత్త వేయకుండా ఉంటే చాలునని వారు కోరుకుంటారు. ఉప్పుగూడలో నిద్రిస్తున్నవారికీ ఒకనాడు జుల్ఫాలో ఎదురుచూసిన తల్లులు ఉండే ఉంటారు.

కనుక హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక గంట ఈ చోటికి కేటాయించండి. సమాధులపై కూర్చోవద్దనీ, రాళ్లపై పేర్లు గీయవద్దనీ పిల్లలకు ముందే చెప్పండి. మన ఊళ్లోనూ ఏ మతస్థుల శ్మశానమైనా సరే, దాని హద్దు జరపడం, ఆ నేలను ఆక్రమించడం మృతుల హక్కును కాజేయడమే. నోరు విప్పి అడగలేనివారి హక్కు అమానతు వంటిది. దానికి రేపు ప్రళయదినాన అల్లాహ్ ఎదుట మనమే జవాబు చెప్పుకోవాలి.