సందు ఉన్న సంధి

సైనాప్స్ అంటే ఒక నాడీకణం తన కబురును మరో కణానికి అందించే చోటు. అందుకునేది ఇంకో నాడీకణం కావచ్చు, కండరం కావచ్చు, గ్రంథి కావచ్చు. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్ని నాడీ సంధి అంటాయి. వ్యాకరణంలో సంధి జరిగితే రెండు పదాల మధ్య ఎడం పోతుంది. ఇక్కడ మాత్రం ఎడం అలాగే ఉంటుంది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో 50 వేలవ వంతు. నరం కండరాన్ని చేరే చోట ఇంకాస్త ఎక్కువ. సైనాప్స్ అనగానే రెండు తీగలు ముడివేసిన కనెక్షన్‌ను ఊహించుకుంటే అసలు సంగతి చేజారుతుంది. ఎన్నో మందులు, విషాలు పనిచేసేది ఆ సందులోనే.

ఈ మాట 1897లో పుట్టింది. మైకేల్ ఫాస్టర్ శరీరధర్మశాస్త్ర గ్రంథం కొత్త కూర్పు కోసం నాడీవ్యవస్థ భాగం రాస్తున్న చార్లెస్ షెరింగ్టన్‌కు ఈ చోటికి ఒక పేరు కావలసి వచ్చింది. ఆయన మొదట ‘సిండెస్మ్’ అనుకున్నారు. కేంబ్రిడ్జ్‌లోని గ్రీకు పండితుడు వెరాల్ ‘సైనాప్స్’ సూచించారు. ఆ గ్రీకు మూలానికి కలిపి పట్టుకోవడం అని అర్థం. అదే ఏడాది ఆగస్టు 20న సికింద్రాబాద్‌ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. 1899లో రాస్ లివర్‌పూల్ చేరేటప్పటికి షెరింగ్టన్ ఆ ఊళ్లోనే ప్రొఫెసర్. రాస్ కనుగొన్నది మైక్రోస్కోపు కింద కంటికి కనిపించింది. షెరింగ్టన్ పేరు పెట్టిన సందు నాటి ఏ మైక్రోస్కోపుకూ అందేది కాదు. నాడీకణాలు విడివిడిగా ఉంటాయని స్పెయిన్‌లో రమోన్ ఇ కాహాల్ వాదిస్తుంటే, మన పిల్లలు గాల్జీ సంక్లిష్టం పాఠంలో చదివే ఆ గాల్జీయే అదంతా ఒకే వల అని పట్టుబట్టారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చినా వాళ్ల అభిప్రాయాలు మాత్రం కలవలేదు. కబురు ఒకే దిక్కుకు పోతోంది, సంధి దగ్గర రవ్వంత ఆలస్యమవుతోంది అన్న రెండు గుర్తులను బట్టే షెరింగ్టన్ అక్కడ ఒక హద్దు ఉందని తేల్చారు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ సందును చూపించింది. చూడకుండానే ఇంత కచ్చితంగా ఊహించడం వైద్యశాస్త్రంలో అరుదు.

కబురు సందు దాటేది రసాయన రూపంలో. నరం కొసకు విద్యుత్ ప్రేరణ చేరగానే కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. అక్కడ సిద్ధంగా ఉన్న సూక్ష్మమైన తిత్తులు తమలోని రసాయనాన్ని సందులోకి వదులుతాయి. అది అవతలి గ్రాహకాలకు అంటుకుంటుంది. ఇదంతా అర మిల్లీసెకను పని. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు పోయే నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేశారు. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. రసాయనంతో పని లేకుండా విద్యుత్తే నేరుగా దాటిపోయే సంధులూ ఉన్నాయి గానీ మనిషిలో అవి తక్కువ.

వదిలిన ఎసిటైల్‌కోలిన్ సందులో నిలవ ఉండకూడదు. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని వెంటనే విరగ్గొడుతుంది. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు కట్టిపడేసేది ఈ ఎంజైమునే. పత్తి పండే తెలంగాణలో పాఠ్యపుస్తకంలోని బొమ్మ కంటే ఎక్కువగా సైనాప్స్ జనానికి ఎదురయ్యేది ఇలాగే. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికైనా వరంగల్ ఎంజీఎంకైనా ‘పురుగుమందు కేసు’ కొత్త కాదు. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోయేకొద్దీ కనుపాపలు సూదిమొనంత అవుతాయి, నోటి వెంట చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, ఊపిరితిత్తులు నీరుతో నిండుతాయి, గుండె నెమ్మదిస్తుంది. కండరాలు మొదట అదిరి, తర్వాత సత్తువ కోల్పోతాయి. ఊపిరి తీయించే కండరాలు కూడా.

డాక్టర్లు ముందు ఇచ్చేది అట్రోపిన్. అది కొన్ని గ్రాహకాల దగ్గర ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డు నిలుస్తుంది. ఊపిరితిత్తులు తేటపడేదాకా, గుండె వేగం పుంజుకునేదాకా మోతాదు పెంచుతూ పోతారు. కండరం దగ్గరి గ్రాహకాలు వేరే రకం, వాటి మీద అట్రోపిన్ పనిచేయదు. అందుకే వెంటిలేటర్ తప్పదు. ‘పామ్’ అని పిలిచే ప్రాలిడాక్సిమ్ ఎంజైమును పురుగుమందు పట్టు నుంచి విడిపించడానికి ఉద్దేశించిన ఇంజెక్షన్. ఆలస్యమైతే ఆ పట్టు ఊడనంతగా బిగుసుకుంటుంది, అప్పుడు ఒళ్లు కొత్త ఎంజైమును తయారు చేసుకోవాల్సిందే. దానికి రోజులు, వారాలు పడుతుంది. మందు తాగిన మనిషికి పేడనీళ్లో సబ్బునీళ్లో పట్టించి కక్కించే అలవాటు ఊళ్లలో ఇంకా ఉంది. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రమాదం పెంచుతుంది, ఆసుపత్రికి చేరే సమయమూ పోతుంది. ఒంటి మీద మందు పడితే బట్టలు తీసేసి, చర్మాన్ని సబ్బుతో కడగాలి, ఎందుకంటే చర్మం గుండా కూడా అది లోపలికి దిగుతుంది. మాస్కూ గ్లౌజులూ లేకుండా పిచికారీ చేసే కూలీకి విషం ఎక్కేది అలాగే. పదో తరగతి నాడీ సంధి పాఠంలో ఈ రెండు పేరాల విషయం ఉండి తీరాలి.

పాము విషం చేసేది మరో రకం హాని. నాగుపాము విషం కండరం మీది గ్రాహకాలను ఆక్రమిస్తుంది, కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది. రెండింట్లోనూ కనురెప్పలు వాలిపోయి, క్రమంగా ఊపిరి ఆగుతుంది. విరుగుడు సీరంతో పాటు ఇచ్చే నియోస్టిగ్మిన్ ఎంజైమును కాసేపు ఆపి ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, అందువల్ల నాగుపాము కాటులో తోడ్పడుతుంది. కట్లపాము కాటులో నరం కొస వదలడానికే ఏమీ మిగలదు కాబట్టి దాని వల్ల ప్రయోజనం తక్కువ. ఆ కొసలు మళ్లీ ఎదిగేదాకా రోగిని వెంటిలేటరే కాపాడాలి.