మెషీన్ మీద అంకె కదలకపోతే నడక మానేయాలా?

బరువు తగ్గాలని మొదలుపెట్టిన ఆడవాళ్ళకి మొదటి నెల సాధారణంగా బాగానే గడుస్తుంది. రాత్రి అన్నం బదులు రెండు పుల్కాలు, కాఫీలో పంచదార బంద్, పొద్దున్నే అరగంట నడక. వారం తిరిగేసరికి కిలో, కిలోన్నర తగ్గుతుంది. "ఏమిటి, మొహం కాస్త చిక్కినట్టుందే" అని పక్కింటావిడ అంటుంది. ఆ ఒక్క మాటతో ఇంకో పది రోజులు హుషారుగా నడుస్తాం. రెండో నెలలోనో మూడో నెలలోనో మెషీన్ మీద అంకె ఒకచోట కూర్చుండిపోతుంది. తిండి అదే, నడక అదే. ఇవాళ చూస్తే 71.4. వారం తర్వాత 71.6. ఇంకో వారానికి మళ్ళీ 71.4. చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే.

బద్ధకం వల్ల మానేశారని చూసేవాళ్ళు అనుకుంటారు. నేనలా అనుకోను. పొద్దున్న అయిదింటికి లేచి పిల్లల బాక్సులు కట్టి, పెద్దవాళ్ళకి మందులు అందించి, అందరినీ సాగనంపి ఇల్లు సర్దుకునే మనిషికి బద్ధకం అంటగట్టడం ఏం న్యాయం? పైగా ఫలితం కనపడకుండా రోజూ చేసే పనులు మనకేమన్నా కొత్తా? తోమిన గిన్నెలు మధ్యాహ్నానికి మళ్ళీ సింకులో పడతాయి. అయినా తోముతూనే ఉంటాం కదా. మరి నడక దగ్గర మాత్రం ఎందుకు ఆగిపోతున్నాం? నాకు తోచిందేమిటంటే, గిన్నెల విషయంలో మనల్ని మనం నిందించుకోం. బరువు విషయంలో అంకె కదలకపోతే "నాలోనే ఏదో లోపం ఉంది, నా వల్ల కాదు" అని తీర్పు ఇచ్చేసుకుంటాం. ఉత్సాహాన్ని చంపేది ఆ తీర్పే. కాబట్టి ముందు ఆ అంకె ఎందుకు ఆగుతుందో తెలుసుకోవాలి.

మొదటి వారాల్లో తగ్గేదంతా కొవ్వు కాదు. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే రూపంలో కొంత దాచుకుంటాయి. ఆ దాచిన ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. అందుకే మొదట్లో అంకె చకచకా దిగుతుంది. ఆ వేగాన్నే లెక్కగా పెట్టుకుని నెలకి నాలుగు కిలోలు చొప్పున పండక్కి పన్నెండు తగ్గుతాననుకుంటే నిరాశ తప్పదు.

ఇక రెండోది. 78 కిలోలున్న మనిషి 71కి వచ్చిందనుకోండి. మొదట్లో ఆవిడ నడిచిన ప్రతి అడుగూ ఏడు కిలోల బియ్యం సంచి మోసుకుని వేసినట్టే. ఇప్పుడు ఆ సంచి దించేసింది. కాబట్టి అదే అరగంట నడకకి అయ్యే ఖర్చు తగ్గింది. కూర్చున్నా, పడుకున్నా కూడా చిన్న శరీరానికి కావలసింది తక్కువే. ఒకప్పుడు తక్కువ తిండి అనుకున్నది ఇప్పుడు సరిపోయే తిండి అయిపోయింది. ఇందులో ఆవిడ తప్పేముంది?

మూడోది శరీరం చేసుకునే పొదుపు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి, వాళ్ళ ఇష్టప్రకారమే, ఆరు నెలలపాటు మామూలులో సగం తిండి పెట్టి పరీక్షించాడు. వాళ్ళు బాగా చిక్కిపోయారు. దాంతోపాటు నాడి నెమ్మదించింది, ఎండాకాలంలో కూడా చలి అనిపించింది, ఏ పని మీదా మనసు నిలవలేదు. రోజంతా తిండి ధ్యాసే. అంతకుముందు వంటింటి గుమ్మం తొక్కని కుర్రాళ్ళు వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవారట! కడుపు మాడ్చుకుంటే మనసు కూడా అదుపు తప్పుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అమెరికాలోనే టీవీలో పోటీపడి వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత కెవిన్ హాల్ బృందం పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. చాలామంది తగ్గిన బరువులో ఎక్కువ భాగం మళ్ళీ పెరిగారు. అయినా వాళ్ళ శరీరాలు, ఆ పరిమాణానికి ఖర్చు చేయాల్సినదానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువే ఖర్చు చేస్తున్నాయి. అంటే ఆరేళ్ళయినా శరీరం ఆ పొదుపు మానలేదన్నమాట.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అంకె ఆగగానే మనలో చాలామంది చేసే మొదటి పని తిండి ఇంకా తగ్గించడం. ఆ రెండు పుల్కాలు కూడా మానేసి గ్లాసు పాలతో పడుకోవడం. నాకు తెలిసిన ఒకావిడ అలాగే రెండు నెలలు చేసింది. పొద్దున్న టీ, మధ్యాహ్నం రెండు ముద్దలు, రాత్రి ఒక అరటిపండు. బరువు ఇంకో కిలోన్నర తగ్గింది, జుట్టు గుప్పెళ్ళతో ఊడింది, పిల్లల మీద ఊరికే కసురుకోవడం మొదలైంది. శ్రావణ మాసంలో పేరంటాలు, పూర్ణాలు, పులిహోరలు రాగానే ఒక్కసారిగా ఆకలి విజృంభించింది. ఆ తర్వాత ఆవిడ నడక కూడా మానేసింది. నాకు బాధ కలిగించింది పెరిగిన బరువు కాదు. రోజూ తెల్లవారుజామున చక్కగా నడిచే మనిషి ఆ అలవాటు కూడా పోగొట్టుకుంది.

మరి ఏం చేయాలి? ముందుగా ఒక పదిహేను రోజులు కంగారు పడకుండా వంటింటిని గమనించాలి. మన వంటిళ్ళలో లెక్కకి రాని తిండి చాలా ఉంటుంది. పోపులో నూనె గరిటెతో వంచుతాం. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలుంటాయి. అరగంట నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 160 క్యాలరీలు పంచదారకే. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల పళ్ళెంలో మిగిలిన సగం దోశ, గిన్నె అడుగున పప్పు, "పారేయడమెందుకు" అని మనం తినేది. ఇంటి పొదుపంతా అమ్మ పొట్ట మీద పెట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తోంది. అందరూ తిన్నాక మూడింటికి ఒంటరిగా కూర్చుని మిగిలినవన్నీ పూర్తిచేయడం త్యాగం అని ఎవరన్నా మెచ్చుకుంటే నేను ఒప్పుకోను. కొలిచి వండుదాం, మిగిలితే రేపు పొద్దున అందరూ తిందాం.

రెండోది, కంచంలో ఏముందో చూడాలి. అన్నం గుట్టగా, పప్పు నీళ్ళగా ఉంటే ఆకలి త్వరగా వేస్తుంది. అన్నం కాస్త తగ్గించి ముద్దపప్పు, గుగ్గిళ్ళు, ఉలవలు, పెరుగు, తినేవాళ్ళయితే గుడ్డు, చేప పెంచితే కడుపు నిండుగా ఉంటుంది. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని కాపాడుకోవాలంటే నడక ఒక్కటే చాలదు, కాస్త బలం పెట్టే వ్యాయామం కావాలి. జిమ్‌కి వెళ్ళకపోయినా ఫర్వాలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు లీటరు నీళ్ళ సీసాలు పట్టుకుని ఎత్తి దించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డాక్టరుని అడిగి చేయాలి.

మూడోది, రోజూ మెషీన్ ఎక్కడం. ఆవకాయ, అప్పడాలు ఎక్కువ తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలుస్తుంది. నెలసరి ముందు కొందరికి కిలో పైనే పెరుగుతుంది. అదంతా కొవ్వు కాదు. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున చూసుకుని రాసుకుంటే చాలు. నెల మొత్తం మీద ఎటు పోతోందో చూడాలి గానీ నిన్నటికి ఇవాళ్టికి పోలిక వద్దు. దాంతోపాటు ఇంట్లో ఉండే టైలరు టేపుతో నడుము కొలుచుకోండి. మన దేశంలో ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు. బరువు ఆగిపోయిన నెలల్లో కూడా నడుము తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. జాకెట్టు హుక్కులు ముందే చెబుతాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా రెండు మూడు నెలలు కదలకపోతే, పైగా విపరీతమైన నీరసం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం లాంటివి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. థైరాయిడ్, పీసీఓడీ లాంటివి ఒక కారణం కావచ్చు. కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని సొంతంగా మందులు మానేయకూడదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న విషయానికి వస్తాను. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహా మాత్రమే ఇచ్చిన గుంపులో మూడేళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండిలో మార్పులు చేసి, రోజూ నడవమని వెంటపడి చెప్పిన గుంపులో నూటికి 39 మందికే వచ్చింది. ఇందులో విశేషమేమిటో తెలుసా? ఆ రెండో గుంపువాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు! అంకె కదలలేదు, కానీ ఒంట్లో మేలు జరుగుతూనే ఉంది. మెషీన్ చూసి వాళ్ళు నిరాశపడి మానేసి ఉంటే ఆ మేలు దక్కేదా?

నా దృష్టిలో ఉత్సాహం నిలబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. అమ్మకో నాన్నకో షుగరున్న ఇళ్ళు మనవి. పెళ్ళిలో ఫోటోలకి బాగుండాలని మొదలుపెట్టిన నడక పెళ్ళి అయిపోగానే ఆగిపోతుంది. అరవై ఏళ్ళకి మోకాళ్ళ మీద చేతులు వేసుకోకుండా లేవాలి, మన పని మనం చేసుకోవాలి అని మొదలుపెట్టినదానికి గడువు తేదీ ఉండదు.

"అంకెతో పనిలేదంటే మళ్ళీ పెరిగిపోతాం కదా" అని మీలో కొందరు అనవచ్చు. నిజమే. అంకెని అసలు చూడొద్దని నేననను. కీళ్ళకో గుండెకో బరువు తగ్గి తీరాలని డాక్టరు చెప్పినవాళ్ళకి అది చాలా ముఖ్యం. వాళ్ళు డైటీషియన్ సాయం తీసుకోవాలి. నేననేది ఒక్కటే, అంకెని చూడండి గానీ ఆ పూట నడవాలో వద్దో దాన్ని అడగకండి.

ఇంకో మాట ఇంట్లోవాళ్ళకి కూడా వినిపించాలి. "ఇంత నడిచినా ఏం తగ్గావు?" అని భర్త నవ్వుతూ అన్నా, "తినకపోతే నీరసం వస్తుందే, ఇంకొక్కటి వేసుకో" అని అత్తగారు ప్రేమగా అన్నా దెబ్బ తగిలేది ఒకచోటే. సాయం చేయాలనుకుంటే మాటలక్కర్లేదు. పొద్దున్న ఆ అరగంట పిల్లల బాక్సుల పని ఇంకొకరు అందుకుంటే చాలు. చుట్టాలొచ్చినా, పిల్లల పరీక్షలున్నా, పనిమనిషి రాకపోయినా ఇంట్లో మొట్టమొదట రద్దయ్యేది అమ్మ నడకే. ఆయన ఆఫీసు టైము, పిల్లల ట్యూషను టైము ఎంత ఖాయమో ఇదీ అంత ఖాయం అని ఇంట్లో చెప్పి ఒప్పించుకోవాలి. ఉత్సాహం ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. టైము ఖాయంగా ఉంటే ఉత్సాహం లేనిరోజు కూడా చెప్పుల్లో కాళ్ళు పెడతాం. ఒక స్నేహితురాలు తోడుంటే మరీ మంచిది, ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉందంటే దుప్పటి ముసుగు తన్నలేం.

సంక్రాంతికి అరిసెలు తిన్నారు, రెండు పెళ్ళి భోజనాలు అయ్యాయి, ఒకవారం జ్వరంతో పడుకున్నారు. అయినా మూడు నెలల క్రితం అంకె, ఇవాళ్టి అంకె ఒకటే. తగ్గలేదని దాన్ని ఓటమి కింద రాసుకోవద్దు. తగ్గిన ఏడు కిలోలు మళ్ళీ ఒంటి మీదకి రాకుండా మూడు నెలలు కాపాడుకున్నారు. తగ్గడం కంటే అది కష్టమైన పని. దానికి మెచ్చుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే మనమే ఒకరికొకరం మెచ్చుకుందాం. రేపు పొద్దున్న మెషీన్ వైపు చూడకుండా నేరుగా చెప్పులు వేసుకుని బయల్దేరండి. ఏమంటారు?