సుస్థిరత ఎవరికి?

పనిచేసే చోటు ‘సుస్థిరం’గా వుండాలన్న మాట నేడు పెట్టుబడిదారుల నోటనే ఎక్కువ వినిపిస్తున్నది. దానికొక చదువూ వచ్చింది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పర్యావరణ, వృత్తి ఆరోగ్యాలలో దూరవిద్య ఎం.ఏ. ప్రవేశపెట్టింది. పెంటపాడులో పని మానకుండానే చదువుకోవచ్చు. మంచిదే. 1982లో హైదరాబాదులో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినది కాలేజీ గడప తొక్కలేనివారి కొరకే గదా!

మన ప్రశ్న వేరు: సుస్థిరం కావలసినది లాభమా, ప్రాణమా?

మన చుట్టుపక్కల జరిగినవే చూడండి. 2017 మార్చి 30న మొగల్తూరు వద్ద రొయ్యల కర్మాగారంలో తొట్టి శుభ్రం చేయబోయి అయిదుగురు కూలీలు విషవాయువుకు బలయ్యారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన కర్మాగారంలో ఆరుగురు మంటలకు ఆహుతయ్యారు. వారిలో బీహారు వలస కూలీలున్నారు. చట్టం లేక కాదు. భోపాల్ దారుణం తర్వాత 1987లోనే, ప్రమాదకర పరిశ్రమల భద్రతా కమిటీలలో యాజమాన్యంతో సమానంగా కార్మికులుండాలని ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. ఆ కుర్చీలలో కాంట్రాక్టు కూలీని ఎన్నిచోట్ల కూర్చోబెట్టారు?

విద్యార్థి మిత్రులారా! కరెంటు ఖర్చు తగ్గించి, ఆవరణలో మొక్కలు నాటిన కథ రాస్తే పట్టా రావచ్చు. తవుడు దుమ్ము పీల్చే రైసుమిల్లు కూలీ దగ్గు అందులో వినిపించకపోతే అది విద్య కాదు, యాజమాన్యానికి రాసిచ్చే యోగ్యతాపత్రం. కాలేజీ దూరమైతే ఫరవాలేదు. చదువు శ్రామికునికి దూరం కారాదు. ఉపాధ్యాయులారా! ఆ కూలీ సాక్ష్యమే మొదటి పాఠంగా చెప్పండి. రాసిన నివేదికను తెలుగులో అతనికే ముందుగా చదివి వినిపించమనండి.