గొంతు మనది, మైకూ మనదే కావాల

బి.ఇడి., డి.ఎడ్ చదివే మన పిల్లలు పాడ్‌కాస్టు చెయ్యడం నేర్చుకోవాలని మేం గట్టిగా అంటున్నాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. సెల్‌ఫోన్లో మాట రికార్డు చేసి, అక్కర్లేని ముక్కలు కోసేసి, ఇంటర్నెట్లో పెడితే సరి. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వినే రేడియో అది.

ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఏం లాభం? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు తమ పంటల ముచ్చట్లు, పాటలు రికార్డు చేసుకుని ఏళ్ల తరబడి లైసెన్సు కోసం ఎదురు చూశారు. వాళ్ల సంఘం రేడియో గాల్లోకెక్కింది 2008 అక్టోబర్ 15న.

ఇవాళ పాడ్‌కాస్టుకి ఆ లైసెన్సు అక్కర్లేదు. మరి మన రోలుగుంట కుర్ర టీచర్లు ఏం వినిపించాల? పాఠ్యపుస్తకాన్నే పుస్తకాల భాషలో మళ్లీ అప్పజెప్పడానికి ఇంత సరంజామా ఎందుకు? నాట్లేసే అమ్మకి తెలిసిన వాన లెక్క పాఠం కాదా? డప్పు కట్టే తాత పనితనం చదువు కాదా?

వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉండాల. దాన్ని దిద్దే హక్కు మనకి లేదు. బయటపెట్టే ముందు వాళ్లకే వినిపించాల. వద్దంటే తీసెయ్యాల. అడక్కుండా పట్టుకుపోతే అది కూడా దోపిడీయే. ఫోను లేనోళ్ల కోసం సాయంత్రం వాడలో పదిమందినీ కూర్చోబెట్టి వినిపించాల.

చదువుకున్నోడు చెప్పాల, కూలోడు వినాల అని ఇన్నాళ్లూ మనకి నేర్పారు. టీచరయ్యే మన బిడ్డలు ముందు వినడం నేర్చుకోవాల. మైకు పట్టే పని అక్కడే మొదలవుతుంది.